ప్రమాణంలో లేనిది

ఆ గదిలో అతనేం చెప్పాడో
బయట చెప్పనని ప్రమాణం చేశాను.
ఏం చెప్పలేదో చెప్పకూడదని
నాతో ఎవరూ ఒట్టు వేయించుకోలేదు.

వాషింగ్టన్‌లో, కోర్టు భవనం మూడో అంతస్తులో
కిటికీల్లేని గది. మంగళ, గురువారాలు.
ఇరవై ముగ్గురం. నేను పద్నాలుగో నంబరు.
మిగతా రోజుల్లో అనకోస్టియా వైపు సిటీ బస్సు నడుపుతాను.
నా పక్కన పదిహేను, ఎర్నస్టీన్,
స్కూలు క్యాంటీన్‌లో వండి వండి రిటైరైన మనిషి.
నంబర్లు పక్కన పెట్టి, దగ్గు బిళ్ళలు పంచుతూ
అందరి పేర్లూ నేర్చుకుంది ఆవిడొక్కతే.

మార్చి. వాన.
సాక్షి పేరు ఇక్కడ రాయను.
చేతికి బరువైన గడియారం, కాలరు చుట్టూ చెమట.
ఏడు వారాలుగా పీటముడి విప్పుతున్నట్టు
ఒక్కో పోగూ లాగుతోంది ప్రాసిక్యూటర్,
ముక్కు దిబ్బడేసిన సన్నటి పిల్ల.
"ఆ రాత్రి అలా చెప్పమని మీకు ఫోన్ చేసిందెవరు?"
అతను నోరు తెరిచాడు.
ఒక అక్షరం సగం బయటికొచ్చింది కూడా.
అప్పుడడిగాడు,
వరండాలో ఉన్న లాయరుతో
ఒక్క మాట మాట్లాడి వస్తానని.

పదకొండు నిమిషాలు.

తిరిగొచ్చింది వేరే మనిషి.
భుజాలు దిగాయి, రుమాలు జేబులోకి పోయింది.
నవ్వలేదు. నవ్వాల్సిన అవసరం తీరిపోయినట్టున్నాడు.
అధ్యక్షుడి సంతకంతో కాగితం వచ్చిందట.
ఆలూ లేదు, చూలూ లేదు,
నేరం ఇదీ అని ఎవరూ అననే లేదు,
క్షమ మాత్రం పేరు పెట్టించుకుని వచ్చేసింది.

భిక్ష అంటారు గానీ,
గిన్నె పట్టుకున్నదెవరు?
ఇచ్చినవాడి చెయ్యే
కింద ఉన్నట్టు అనిపించింది నాకు.

ఎర్నస్టీన్ బిళ్ళ కాగితం విప్పుతూ ఆగిపోయింది.
పంతొమ్మిదేళ్ళకి లోపలికెళ్ళాడు ఆవిడ మేనల్లుడు.
వాడి అర్జీ ఆరేళ్ళుగా
ఇక్కడికి పది వీధుల అవతల ఏదో బల్ల మీద ఉంది.
"కాగితాలకి కాళ్ళుంటాయని తెలీదు" అంది. అంతే.

వార్త పొక్కాక నా బస్సంతా అదే గోల.
చట్టప్రకారమే కదా అన్నాడొకాయన, దిగుతూ.
అవును, కంచె కూడా చట్టప్రకారమే పాతుతారు.
సొంత పార్టీ సెనేటర్లు మూడు రోజులపాటు
మైకు కనిపిస్తే లిఫ్టెక్కారు.
నవంబరులో దూరపు రాష్ట్రాల్లో
నాలుగు కుర్చీలు తిరగబడ్డాయి.
మా నగరానికి సెనేటరే లేడు గనక
పక్కింటి పంచాయితీ చూసినట్టు టీవీలో చూశాం,
గొంతు మాదే అయినా.

అదంతా తర్వాత.
ఆ గురువారం మాత్రం ముక్కు తుడుచుకుని
ఆ పిల్ల అంది, "కూర్చోండి.
నిన్నటిదాకా మౌనం మీ హక్కు.
నోరు విప్పితే జైలన్న భయం ఉన్నవాళ్ళకే ఆ హక్కు.
మీ భయాన్ని క్షమించేశారు.
ఇప్పుడు చెప్పండి."

తేలు కుట్టిన దొంగని చూశారా ఎప్పుడైనా,
ఇక అరవొచ్చు అని అనుమతి దొరికిన క్షణంలో?
సంతకం చేసినవాళ్ళకి తట్టనిది
అతని ముఖం మీద మెల్లగా, కనుబొమల దగ్గర మొదలై,
తట్టింది.
రుమాలు మళ్ళీ బయటికొచ్చింది.
అతను నోరు తెరిచాడు.

ఇక్కణ్ణుంచి నా ప్రమాణం మొదలు.

ఆ సాయంత్రం బస్సు ఇంకెవరో నడిపారు.
నేను వెనక సీట్లో, పక్కన ఎర్నస్టీన్,
ఒళ్ళో తడిసిన గొడుగు.
మూడు స్టాపులు దాటాక ఒక బిళ్ళ నా చేతిలో పెట్టింది.
దగ్గు లేదన్నాను.
"ఉంచుకో" అంది,
"నోట్లో ఏదో ఒకటి ఉండాలిగా."